కంటిరెప్పమీది గడ్డ: గ్రంథికీ అర్బుదానికీ నడుమ



కనురెప్పమీద లేచే గడ్డకు మా బీర్పూరు వైపు సాధారణంగా వినిపించే మాట ఒక్కటే: కంటికురుపు. నొప్పి పెట్టి, ఎర్రబారి, చీము పట్టి వారంలో పగిలిపోయేదీ కంటికురుపే. నొప్పి లేకుండా జొన్నగింజంత గట్టిగా నెలల తరబడి రెప్పలో కూర్చుండేదీ కంటికురుపే. మాట ఒక్కటి గనుక ఉపాయమూ ఒక్కటే. అరచేతులు రుద్ది ఆ వేడిని రెప్పకు అద్దుతారు. గుడ్డతో కాపడం పెడతారు. మందుల దుకాణంలో చుక్కలమందు తెచ్చి వేసుకొంటారు. చాలవరకు అంతటితో తగ్గిపోతుంది. కాపడం శాస్త్రసమ్మతమైన చికిత్సయే. దానిని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

అయితే ఈ ఒక్క మాట చాటున, ఎప్పుడో ఒకసారి, మూడవది ఒకటి దాగి వస్తుంది. చూడడానికి రెండవదానివలెనే ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, తొందరా ఉండదు. అది రెప్పలోని తైలగ్రంథులలో పుట్టే క్యాన్సరు. వైద్యులు దానిని సెబేషియస్ కార్సినోమా అంటారు. గడ్డను గడ్డనుండి వేరు చేసి గుర్తించడానికి మానవుడు రెండువేల యేండ్లకు పైగా పడిన పాటు ఎటువంటిదో చెప్పుట ఈ టపా ఉద్దేశ్యం. నేను వైద్యుడను కాను, భాషోపాధ్యాయుడను. కాబట్టి మాటలనుండియే మొదలుపెడతాను.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో పదునొకండవ అధ్యాయం గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అను నాలుగింటిని గూర్చినది. గ్రంథి అంటే ముడి. దారానికి ముడిపడినట్లు శరీరంలో ఏర్పడే గుండ్రని, ఎత్తైన వాపు. అందులో మేదస్సువల్ల కలిగే గ్రంథిని సుశ్రుతుడు వర్ణించిన తీరు గమనింపదగినది. అది నున్నగా ఉంటుందట, నొప్పి స్వల్పమట, పగిలితే లోపలినుండి తెలకపిండివలె, నేతివలె ఉండే పదార్థం వెలువడుతుందట. నేడు మనం కొవ్వుగడ్డ అనీ, తిత్తిగడ్డ అనీ పిలిచేవాటిలో ఒక రకాన్ని పిండి చూచినవారెవరైనా ఈ పోలికను కాదనలేరు.

అర్బుదం వేరు. అది గుండ్రంగా, కదలకుండా, లోతుగా వేరు తన్నుకొని, మెల్లమెల్లగా పెరుగుతుంది. పక్వానికి రాదు, అంటే చీముపట్టి పగలదు. ఉన్నదానిమీద మరొకటి పుడితే అధ్యర్బుదమనీ, జంటగా గాని ఒకదానివెంట ఒకటిగా గాని పుడితే ద్విరర్బుదమనీ పేర్లు పెట్టి, అవి అసాధ్యాలని తేల్చినాడు. సంస్కృతంలో అర్బుదం ఒక పెద్ద సంఖ్యకు కూడా పేరు కావడం మనకందరికీ తెలిసినదే. లెక్కకు మించి పెరిగేదానికి ఆ పేరు ఎంత చక్కగా అమరిందో!

ఇక అసలు విషయానికి వస్తే, ఉత్తరతంత్రంలో కనురెప్ప వ్యాధులు ఇరవైయొకటి చెప్పబడినవి. రెప్పకు అక్కడ వర్త్మమని పేరు. ఆ ఇరవైయొకటిలో లగణమొకటి, అర్బుదమొకటి. లగణం రెప్పలో పుట్టే గట్టి ముడి. రేగుపండంత ఉంటుంది, పక్వానికి రాదు, నొప్పి పెట్టదు. అర్బుదం రెప్ప లోపలివైపు ఉండి, ఎగుడుదిగుడుగా, ఎర్రగా, వ్రేలాడుతూ ఉంటుంది. కాని దానికి కూడా సుశ్రుతుడు వాడిన విశేషణాలలో రెండు ఇవి: ముడివలె ఉండుట, నొప్పి లేకుండుట. చూచినారా! లగణమూ ముడియే, అర్బుదమూ ముడివంటిదే. అదీ నొప్పి లేనిదే, ఇదీ నొప్పి లేనిదే. రెండింటినీ కలిపి గందరగోళపడే ప్రమాదం ఆ వర్ణనలోనే ఇమిడి ఉన్నది.

చికిత్స దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండు దారులు పూర్తిగా విడిపోతవి. లగణం భేద్యవ్యాధులలో చేరినది. అంటే చీల్చి లోపలిది తీసివేయవలసినది. అర్బుదం ఛేద్యవ్యాధులలో చేరినది. అంటే కోసి పూర్తిగా తొలగించవలసినది. భేదనం వేరు, ఛేదనం వేరు. చికిత్సాస్థానంలో అర్బుదాన్ని గూర్చి చెబుతూ, కొంచెమైనా మిగిల్చితే అది మళ్ళీ లేస్తుందనీ, మిగిలిన నిప్పు ఏమి చేస్తుందో అదే చేస్తుందనీ హెచ్చరించినాడు. సుశ్రుతుడు చూచిన అర్బుదమూ నేటి సెబేషియస్ కార్సినోమా ఒక్కటే అని నేను అనడం లేదు. అట్లు అనుట చరిత్రకు న్యాయం కాదు. కాని చీల్చవలసినదేదో, కోయవలసినదేదో ముందు తేల్చుకోవలెనన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. ఈనాటి శస్త్రవైద్యుని ముందున్నదీ ఆ ప్రశ్నయే.

పడమటి దేశాలవారు కూడా పోలికలతోనే ప్రారంభించినారు. క్రీస్తుశకం ఒకటవ శతాబ్దంలో రోమను గ్రంథకర్త సెల్సస్ లాటిన్ భాషలో వ్రాసిన వైద్యగ్రంథంలో రెప్పమీది గడ్డలను పేర్కొన్నాడు. నొప్పిపెట్టే చిన్న కురుపుకు గ్రీకులు బార్లీగింజ అని పేరు పెట్టినారు. గట్టిగా, గుండ్రంగా రెప్పలో కదిలేదానికి వడగల్లు అని పేరు పెట్టినారు. గ్రీకులో ఖలాజియన్ అంటే చిన్న వడగల్లు. నేటికీ కంటివైద్యుని చీటీమీద కనిపించే కలేజియన్ అన్న మాట ఆ వడగల్లే. మనవారికి రేగుపండు, వారికి వడగల్లు. అదే సెల్సస్ తలమీది తిత్తిగడ్డలను కూడా లోపలి పదార్థాన్నిబట్టి విభజించినాడు: తేనెవంటిది, జావవంటిది, క్రొవ్వువంటిది. మన తెలకపిండి, నేయి పోలికలు ఇక్కడ గుర్తుకు రాక మానవు.

ఆ వడగల్లు ఎక్కడ పుడుతుందో చాలాకాలం స్పష్టంగా తేలలేదు. 1666లో జర్మనీ దేశపు శరీరశాస్త్రవేత్త హైన్రిఖ్ మైబోమ్ రెప్ప లోపల వరుసగా నిలువునా అమరిన సన్నని గ్రంథులను వివరంగా వర్ణించి ప్రకటించినాడు. ఇవి పైరెప్పలో క్రిందిరెప్పకంటె ఎక్కువగా ఉంటవి. వీటినుండి ఊరే తైలం కంటినీటిమీద పలుచని పొరవలె పరచుకొని, ఆ నీరు తొందరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఈ గ్రంథి ద్వారం మూసుకొనిపోయి తైలం లోపలే నిలిచి, చుట్టూ వాపు ఏర్పడితే కలేజియన్. ఆ గ్రంథిలోని కణాలే కట్టుతప్పి పెరిగితే సెబేషియస్ కార్సినోమా. రెండింటి పుట్టిల్లు ఒక్కటే గనుక ముఖకవళికలు కలియడంలో ఆశ్చర్యం లేదు. ఈ క్యాన్సరు క్రిందిరెప్పలోకంటె పైరెప్పలో ఎక్కువగా కనబడడానికి కూడా గ్రంథుల సంఖ్యయే కారణమని చెబుతారు.

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళవరకు గడ్డ ఏదో చెప్పడానికి శస్త్రవైద్యునికి ఉన్న సాధనాలు రెండే: కన్ను, వేలికొన. 1821లో ఇంగ్లాండు రాజు నాలుగవ జార్జి తలమీద ఉన్న తిత్తిగడ్డను సర్ ఆస్ట్లీ కూపర్ తొలగించినాడు. అందుకు ఆయనకు బారొనెట్ బిరుదు లభించింది. కూపర్ మనసును ఆనాడు పీడించిన భయం గాయం విషమించునేమో అన్నది. రాజుగారి గడ్డ నిరపాయమైనదే; కథ సుఖాంతం. కాని ఆ కూపర్ మేనల్లుడు ఎడ్వర్డ్ కాక్ పేరు మరొక విధంగా నిలిచింది. ఆయన కూడా లండనులోని గైస్ ఆస్పత్రి వైద్యుడే. తలమీది తిత్తిగడ్డ ఒక్కొక్కప్పుడు పగిలి, పుండుపడి, కండ పెరిగి, అచ్చం క్యాన్సరువలె కనబడుతుంది. కాని అది క్యాన్సరు కాదు. దానికి కాక్‌గారి విచిత్రమైన కణితి అని నేటికీ శస్త్రచికిత్స పుస్తకాలలో పేరు. అంటే పొరపాటు రెండువైపులా జరుగుతుంది. నిరపాయమైనది ఘోరరూపంతో బెదిరిస్తుంది. ఘోరమైనది సాధురూపంతో ఏమరుస్తుంది. రూపాన్ని నమ్మరాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలె?

రూపాన్ని కాదని లోపలికి చూచే దారి సూక్ష్మదర్శిని చూపింది. 1858లో రుడాల్ఫ్ విర్ఖోవ్ తన కణరోగశాస్త్ర ఉపన్యాసాలను గ్రంథరూపంలో ప్రకటించినాడు. వ్యాధి స్థానం కణమే అన్న సిద్ధాంతం దానితో స్థిరపడింది. 1879లో ఫ్రాన్సు దేశపు చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే బయాప్సీ అన్న మాటను సృష్టించినాడు. గ్రీకులో బయోస్ అంటే జీవితం, ఆప్సిస్ అంటే చూపు. జీవించి ఉన్నవాని శరీరంనుండి ముక్క తీసి చూచుట. ఆ మాటను సృష్టించినవాడు చర్మవైద్యుడు కావడం నాకు సముచితంగానే తోస్తుంది. చర్మంమీది గడ్డ అందరికీ కనబడుతుంది గనుక అందరూ తమకు తెలుసుననే అనుకొంటారు. ఆ భ్రమను ముందుగా వదలుకొనవలసినవాడు చర్మవైద్యుడే కదా.

రెప్పలోని తైలగ్రంథి క్యాన్సరును 1891లో అల్లేర్ అను వైద్యుడు వర్ణించినట్లు వైద్యచరిత్రలో చెబుతారు. కాని అది ఎంత మోసకారియో బయటపడడానికి మరి డెబ్బైయైదు సంవత్సరాలు పట్టింది. 1967లో ఫ్రెడరిక్ థియోడోర్, మానని కండ్లకలకవేషంలో తిరిగే క్యాన్సరును గూర్చి వ్రాసినాడు. మారువేషం అని అర్థమిచ్చే ఆంగ్లపదం అప్పటినుండి ఈ వ్యాధికి అంటుకొన్నది. మరుసటి సంవత్సరం, 1968లో, బోనియుక్, జిమ్మర్‌మన్ అను ఇద్దరు 88 మంది రోగుల వివరాలను సమీకరించి ప్రకటించినారు. కలేజియన్ అనుకొనీ, మానని రెప్పవాపు అనుకొనీ కాలం గడచిపోవడం ఈ వ్యాధి చరిత్రలో పదేపదే కనిపించే విషాదం. చీల్చి గీకివేసిన గడ్డ మళ్ళీ అదే చోట లేవడం, మళ్ళీ చీల్చడం, ఈ లోగా అది రెప్పనుండి చెవిముందరి, దవడక్రింది లింఫు గ్రంథులకు ప్రాకడం. ఛేదనం చేయవలసినదానికి భేదనం చేసిన ఫలమది.

ఇక్కడ మరొక చమత్కారం చెప్పవలె. ఈ వేషధారి కంటివైద్యునే కాక సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవానిని కూడా మోసగించగలదు. తైలగ్రంథి కణాలకు గుర్తు వాటిలోని కొవ్వుబిందువులు. కాని ముక్కను మైనంలో పొదగడానికి ముందు దానిలోని నీటిని సారాయిద్రావకాలతో తొలగిస్తారు. ఆ క్రమంలో కొవ్వు కూడా కరిగిపోతుంది. మిగిలేవి ఖాళీ బుడగలు. అందుచేత దీనిని మరొక రకం చర్మక్యాన్సరుగా పొరబడిన సందర్భాలు ఉన్నవి. ఈ సంగతి తెలిసిన వైద్యుడు ముక్కతోబాటు తన అనుమానాన్ని కూడా కాగితంమీద వ్రాసి పంపుతాడు. వెనుక పచ్చిముక్కమీద కొవ్వుకు ఎర్రరంగు పట్టించి చూచేవారు. నేడు కొవ్వుబిందువుల చుట్టూ ఉండే మాంసకృత్తును గుర్తించే పరీక్షలు కూడా వచ్చినవి.

ఇది అరుదైన వ్యాధి అన్నాను. ఆ అరుదు అన్న మాటను కూడా పరీక్షకు పెట్టవలసియున్నది. పాశ్చాత్యదేశాల పుస్తకాలలో కనురెప్ప క్యాన్సర్లలో నూటికి తొంభై వరకు బేసల్ సెల్ కార్సినోమా అన్న మరొక జాతివి. తైలగ్రంథి క్యాన్సరు నూటికి ఒకటినుండి అయిదు వరకే. మన హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఉన్నది. చలనచిత్ర దర్శకులు ఎల్.వి.ప్రసాద్‌గారి దాతృత్వానికి గుర్తుగా ఆ పేరు. అక్కడి నేత్రక్యాన్సరు విభాగపు డాక్టర్ స్వాతి కలికి ప్రభృతులు 2019లో 536 మంది భారతీయ రోగుల కనురెప్ప క్యాన్సర్లను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించినారు. అందులో తైలగ్రంథి క్యాన్సరు 53 శాతం. బేసల్ సెల్ కార్సినోమా 24 శాతం. పడమట అట్టడుగున ఉన్నది ఇక్కడ అగ్రస్థానంలో ఉన్నది!

కనురెప్ప క్యాన్సరే మొత్తంమీద అరుదు. రెప్పమీది గడ్డలలో అత్యధికం నిరపాయమైనవే. అందులో సందేహం లేదు. కాని రెప్పలో క్యాన్సరంటూ వస్తే మన దేశంలో అది ఈ వేషధారియే అయ్యే అవకాశం ఎక్కువ. పరదేశపు పుస్తకంలో అరుదు అని చదివి మన ఊరి గడ్డను తేలికగా తీసుకొనుట, పక్క ఊరి పంచాంగం చూచి మన ఊరి వాన చెప్పినట్లే. ఏ దేశపు లెక్క ఆ దేశమే వేసుకొనవలె. హైదరాబాదు వైద్యులు చేసిన పని విలువ అక్కడ ఉన్నది.

ఈ మారువేషం కనురెప్పకే పరిమితం కాదు. 1875లో ఫ్రెడరిక్ మెర్కెల్ చర్మంలో స్పర్శకు సంబంధించిన కణాలను వర్ణించినాడు. దాదాపు నూరేండ్లకు, 1972లో, సిరిల్ టోకర్ అయిదుగురు రోగులలో ఒక వింత చర్మక్యాన్సరును గుర్తించినాడు. అదే తరువాత మెర్కెల్ కణ క్యాన్సరు అని పేరొందింది. 2008లో అమెరికా పరిశోధకులు 195 మంది రోగుల వివరాలు చూడగా, ముక్క తీసేనాటికి 56 శాతం గడ్డలను వైద్యులు నిరపాయమైనవనియే తలచి ఉన్నట్లు తేలింది. వారు అన్నిటికంటె ఎక్కువగా అనుకొన్నది తిత్తిగడ్డ లేక మొటిమ వంటిది అని. నొప్పి లేకపోవడమే అక్కడ కూడా ఏమరుపాటుకు కారణం. నొప్పి పెట్టనిది కీడు చేయదన్న నమ్మకం మానవులందరిదీ. అది తెలుగువారి సొత్తు మాత్రమే కాదు.

మరి సామాన్యుడు గుర్తుంచుకొనవలసినదేమి? వైద్యులు చెప్పే ఆనవాళ్ళు కొన్ని ఉన్నవి. నడివయసు దాటినవారిలో రెప్పగడ్డ కొన్ని వారాలకూ తగ్గకపోవడం. ఒకసారి తీయించిన తరువాత అదే చోట మళ్ళీ లేవడం. గడ్డ ఉన్నంతమేర రెప్పవెంట్రుకలు రాలిపోవడం. గడ్డకు పసుపుచాయ ఉండడం. ఒక్క కంటిలో మాత్రమే ఎరుపు నిలిచి, చుక్కలమందుకు లొంగకపోవడం. వీటిలో ఏది ఉన్నా అది క్యాన్సరే అని భయపడనక్కరలేదు. పరీక్ష కావలె అని అర్థం. క్యాన్సరని తేలితే చుట్టూ కొంత ఆరోగ్యమైన భాగంతో సహా కోసి, అంచులలో ఏమీ మిగలలేదని సూక్ష్మదర్శినితో నిర్ధారించుకొంటారు. మిగిలిన నిప్పు సంగతి మళ్ళీ గుర్తుకు వస్తుంది.

పరీక్ష అనగానే మా వంటి గ్రామాలవారికి హైదరాబాదు ప్రయాణం కళ్ళముందు మెదులుతుంది. ఛార్జీలు, తోడు వచ్చే మనిషి, పోయే కూలి. అందుకే చాలామంది మానుకొంటారు. కాని ఇందులో ఒక సంగతి ఉన్నది. గడ్డ తీసిన చోటనే ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు వ్రాసి, పాథాలజిస్టు ఉన్న చోటికి పంపవచ్చు. మొదట ప్రయాణం చేయవలసినది రోగి కాదు, ముక్క. బీర్పూరు 2016లో మండలకేంద్రమైంది. జగిత్యాలలో 2022లోనూ, సిరిసిల్లలో 2023లోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. వైద్యకళాశాల అంటే రోగశాస్త్ర విభాగం కూడా దానిలో ఒక అంగం. ఒక తరం క్రిందట కరీంనగరు దాటితే గాని దొరకని విద్య నేడు దగ్గరకు వచ్చింది. తీసిన గడ్డ చెత్తబుట్టలో పడకుండా సీసాలో పడేటట్లు చూచుకొనుట ఇక మన వంతు. గడ్డ తీయించుకొన్నప్పుడు, ముక్కను పరీక్షకు పంపుతున్నారా అయ్యా అని ఒక్క మాట అడిగితే వైద్యునికి అవమానం కాదు; మంచి వైద్యుడు సంతోషిస్తాడు.

సుశ్రుతుని రేగుపండు, గ్రీకుల వడగల్లు, మన కంటికురుపు: అన్నీ కంటితో చూచి పెట్టిన పేర్లే. చక్కని పేర్లు, భాషాభిమానిగా నేను వాటిని ప్రేమిస్తాను. కాని పేరు పెట్టుట వేరు, నిర్ణయం చేయుట వేరు. పేరు పెట్టడానికి కన్ను చాలును. భేద్యమా, ఛేద్యమా అని నిర్ణయించడానికి మాత్రం ఆ ముక్క సూక్ష్మదర్శిని క్రిందికి పోవలసిందే.

మీ మీ ప్రాంతాలలో రెప్పమీది గడ్డకు ఏ ఏ పేర్లున్నవో, నొప్పి పెట్టేదానికీ పెట్టనిదానికీ వేర్వేరు మాటలు ఉన్నవేమో వ్యాఖ్యలలో తెలుపగోరుతాను. అట్టి మాటలు ఉంటే, అవి మన పెద్దల పరిశీలనకు సాక్ష్యాలు, పోగొట్టుకొనరానివి.

స్వస్తి.